కదలని చక్రవర్తి

ముక్కు మీద దురద పుట్టి చాలాసేపయింది. వెర్నాన్ గోక్కోలేదు. గోక్కుంటే ఉద్యోగం పోతుంది.

లాస్ వేగాస్‌లోని ఆ రోమన్ హోటల్‌లో వెర్నాన్ పాలరాతి చక్రవర్తి. పాలరాయి అంటే ఒంటికి పూసిన తెల్లరంగే. జూదం యంత్రాలకీ ఫౌంటెన్‌కీ మధ్య ఒక దిమ్మె మీద, చెయ్యి ముందుకు చాచి నిలబడాలి. రెప్ప వెయ్యొచ్చు, ఊపిరి తీసుకోవచ్చు. అంతకు మించి కదలకూడదు. దిమ్మె పక్కన బోర్డు కూడా పెట్టారు. చక్రవర్తిని కదిలించినవారికి బఫే భోజనం ఉచితం.

ఉచిత భోజనమంటే వేగాస్‌లో లక్షాధికారి కూడా లేచి వస్తాడు. అలా వచ్చినవాళ్లు వెర్నాన్ ముందు కోతుల్లా గెంతారు, చెవిలో ఈల వేశారు, చంకలో ఈక పెట్టారు. ఇన్నేళ్లలో ఒక్కరికీ ముద్ద దక్కలేదు.

ఇప్పుడొచ్చిన చిక్కు వేరు. కళ్లు తిప్పుతూ, చేతులూపుతూ ఉపన్యాసమిచ్చే మరబొమ్మని కొనాలని యాజమాన్యం చూస్తోంది. కదిలే బొమ్మ కోసం కదలని మనిషిని పంపేస్తారన్నమాట. కొత్తగా వచ్చిన మేనేజరు కీటింగ్ మాత్రం వెర్నాన్ తరఫున మాట్లాడి ఒక వారం గడువు తెచ్చాడు. రోజూ తనే వచ్చి చూస్తాడు. వెర్నాన్ ఒక్కసారి కదిలినా మరబొమ్మకి ఆర్డరు వెళ్లిపోతుంది.

ఇవాళ ఆఖరి రోజు. కీటింగ్ స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

అంతలో జనంలోంచి ఎర్ర టోపీ ఒకటి ఇటుగా వచ్చింది. దాన్ని చూడగానే వెర్నాన్ గుండె జారిపోయింది.

ఎర్ర టోపీ ఆవిడ ఈ వారంలో రావడం ఇది మూడోసారి. గెంతదు, ఈల వెయ్యదు. కాఫీ కప్పు పట్టుకుని ఎదురుగా నిలబడి మొగుడి మీద ఫిర్యాదులు మొదలుపెడుతుంది. వినేవాళ్లకి నవ్వలేక కడుపులు చెక్కలవుతాయి.

“ఏం రాజుగారూ, బాగున్నారా?” అంది ఆవిడ. “ఇవాళ కూడా మా ఆయన పురాణమే తెచ్చాను.”

పురాణం మొదలైంది. తడి తువ్వాలు మంచం మీదే పడేస్తాడట. గురక పెడితే పక్కింటి కుక్క లేచి మొరుగుతుందట. పెళ్లిరోజు గుర్తుండదు గానీ, ఎప్పుడో ఓడిపోయిన ఫుట్‌బాల్ ఆట స్కోరు నిద్రలో లేపి అడిగినా చెప్తాడట.

చుట్టూ జనం పోగయ్యారు. ఒహాయో నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, మా ఇంట్లోనూ ఇలాంటి సరుకే ఉందంటూ పక్కనున్న భర్తని మోచేత్తో పొడిచింది. ఆయన దాన్ని పట్టించుకోకుండా పెద్దమనిషి తరహాలో సలహా ఇచ్చాడు.

“ఇవన్నీ ఈ బొమ్మకి చెప్పుకుంటే ఏం లాభమమ్మా? ఇంటికెళ్లి ఆయనకే చెప్పొచ్చుగా.”

“చెప్తే వినాలిగా. రోజంతా నిలబడే ఉద్యోగమట, కాళ్లు పీకుతున్నాయంటూ వచ్చి వాలుకుర్చీలో పడతాడు. ఇల్లు తగలబడుతున్నా లేవడు. మా అమ్మ ఊసెత్తానా, చటుక్కున లేచి గ్యారేజీలోకి పోతాడు.”

జనం గొల్లుమన్నారు. కీటింగ్ కూడా నవ్వాపుకోలేకపోయాడు.

ఆవిడ మాత్రం కప్పులోకి చూస్తూ గొంతు తగ్గించింది. బార్‌స్టో అనే ఊళ్లో వాళ్లమ్మ ఉంటున్న అద్దె ఇల్లు అమ్మేశారట. ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలట. పెట్టె సర్దుకుని, చిలక పంజరం పక్కన పెట్టుకుని, కూతురి ఫోన్ కోసం ఎదురుచూస్తోందట. బస్సెక్కితే సాయంత్రానికి వచ్చేస్తుంది. కానీ అల్లుడు సరేనంటే తప్ప గడప తొక్కనంటోంది. ఆవిడకీ పౌరుషముంది.

“రాజుగారూ, న్యాయం మీరే చెప్పండి. మా అమ్మ వచ్చి మాతో ఉండటం తప్పయితే తల అడ్డంగా ఊపండి. చాలు. ఇక జన్మలో ఆ ఊసెత్తను.”

అందరూ వెర్నాన్ మొహంలోకి చూశారు. కీటింగ్ స్తంభం వదిలి నాలుగడుగులు ముందుకొచ్చాడు.

వద్దని తల ఊపాలని వెర్నాన్‌కి ప్రాణం కొట్టుకుపోయింది. సాటి మగాడి కష్టం మగాడికి తెలియదా! కణత మీంచి ఒక చెమట చుక్క బయల్దేరి, తెల్లరంగులో దారి చేసుకుంటూ గడ్డం దాకా వచ్చి వేలాడింది. అదీ రాలింది. తల మాత్రం కదల్లేదు.

ఆవిడకి తొందరేం లేదు. మిగిలిన కాఫీ గుక్కగుక్కగా తాగి, కప్పు చెత్తబుట్టలో వేసి వచ్చి, మళ్లీ ఎదురుగా నిలబడింది.

“మౌనం అర్ధాంగీకారం అంటారు. చక్రవర్తి మౌనమైతే పూర్తి అంగీకారమే. మీరంతా సాక్ష్యం.”

జనం చప్పట్లు కొట్టారు. ఒహాయో పెద్దావిడ మరీ గట్టిగా కొట్టింది. ఎర్ర టోపీ ఆవిడ అందరికీ నవ్వుతూ తలవంచి, ఫోన్ చెవికి పెట్టుకుని వెళ్లిపోయింది.

కీటింగ్ దిమ్మె దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు. “నీలాంటి రాయిని నేనెక్కడా చూడలేదయ్యా. మరబొమ్మ సంగతి ఇక మర్చిపో, ఉద్యోగం నీదే.” రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి జాలిగా నవ్వాడు. “ఆవిడ మొగుడెవడో గానీ, పాపం, వాడి పని అయిపోయింది.”

డ్యూటీ దిగి, ఒంటి రంగంతా కడుక్కుని వెర్నాన్ ఇల్లు చేరేసరికి, తలుపు వెనక కొక్కేనికి ఎర్ర టోపీ వేలాడుతోంది, అతని వాలుకుర్చీలో అత్తగారు కూర్చుని చిలకకి మాటలు నేర్పుతోంది.