ఆకుపచ్చ మూత సీసా

"రాత్రి ఎన్నిసార్లు లేచారు?"

పొద్దున ఆరున్నరకి రోజూ వినే ప్రశ్నే.

"మూడుసార్లు" అన్నాడు అతను.

ఆమె తల పంకించింది. బడిలో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పిన టీచరు. జవాబు కుదిరితే అలాగే తల పంకిస్తుంది. గుప్పెడు గుమ్మడి గింజలు అతని ముందు పెట్టి, ఆకుపచ్చ మూత సీసాను అరచేతిలోకి వంచింది. ఏమీ రాలలేదు. మళ్లీ వంచింది.

"అయిపోయాయి" అన్నాడు.

"అయిపోతే తెచ్చుకోవద్దూ? మనిషన్నాక ఒంటి మీద ధ్యాస ఉండక్కర్లేదా?"

ఫ్రిజ్ తలుపు మీద ఆమె చేతిరాతలో టైంటేబుల్ ఉంది. అతని ప్రోస్టేట్ గ్రంథి వాచిందని డాక్టరు చెప్పిన సాయంత్రమే స్కేలు పెట్టి గీసింది. ఆరున్నరకి మూలికల మాత్ర, గింజలు. ఏడింటికి నలభై నిమిషాల నడక. ఐదు దాటాక టీ బంద్. రాత్రి ఏడు దాటాక మంచినీళ్లు బంద్. వస్తే వెళ్లాలి, ఆపుకోకూడదు. ఆఖరి మాట కింద ఎర్ర గీత. ఎనిమిదేళ్లుగా ఆ కాగితం అక్కడే ఉంది. లిఫ్టు మెకానిక్కుగా పనిచేసినన్నాళ్లూ ఏ పై అధికారి మాటా అతను ఇంత బుద్ధిగా విని ఎరగడు.

ఖాళీ సీసా జేబులో పెట్టుకుని చెప్పులు వేసుకుంటుంటే ఆమె వెనకాలే వచ్చింది.

"రాత్రి ఎన్నిసార్లు లేచారు?"

"మూడుసార్లు."

పక్కింటావిడ వచ్చి కుర్చీలో కూర్చున్నాక బయల్దేరాడు.

దారిలో కూతురు ఫోన్ చేసింది.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి నాన్నా?"

"మాత్రలకి."

"ఇంకా ఎన్నాళ్లు నాన్నా ఆ మాత్రలు? వాటితో ఒరిగేదేం లేదని డాక్టరే అన్నాడుగా."

"చెడూ లేదన్నాడుగా అమ్మా. ఇంటికెళ్లాక అమ్మకి ఇవ్వనా ఫోను?"

"వద్దులే నాన్నా" అంది.

అతను బలవంతపెట్టలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని నడిచాడు.

మొదటి కొట్లో సీసా లేదు. రెండో కొట్లో ఆ పేరే వినలేదన్నారు. పోనీలే అని వెనక్కి తిరిగే ధైర్యం అతనికి లేదు. కిందటేడు ఇలాగే నాలుగు రోజులు సీసా దొరకలేదు. ఆ నాలుగు రోజులూ సొంత ఇంట్లో పరాయివాడిలా బతికాడు. పడక కూడా వరండాలోనే.

మూడో కొట్టు మార్కెట్టు చివర, మెట్ల కింద ఉంది. కొట్టు ముందు గొడుగు పట్టుకుని ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు.

"ఆకుపచ్చ మూత ఆగిపోయింది పెద్దాయనా" అన్నాడు కొట్టతను. "ఇప్పుడు పసుపు మూత. లోపల మందు అదే. మాత్ర రంగు మారింది, అంతే."

"పాతది ఒక్కటైనా లేదా?"

"పాతదానికి ఏముంది, కొమ్ములున్నాయా? సరే, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు మీరు?"

"లేవను. పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాదు."

కొట్టతని ముఖం వెలిగిపోయింది. గొడుగాయన వైపు తిరిగాడు. "విన్నారా సార్? డెబ్భై దాటాయి ఈయనకి. ఒక్కసారి కూడా లేవడట! మందంటే ఇదీ!"

గొడుగాయన దగ్గరికి జరిగి, గొంతు తగ్గించాడు. "నేను ఐదారుసార్లు లేస్తున్నానండీ. ఈ మధ్య మూత్రంలో ఎరుపు కూడా కనబడుతోంది. ఇంట్లో చెప్పలేదు. నిజంగా దీంతోనే తగ్గిందా మీకు?"

అతను గొడుగాయన ముఖంలోకి చూశాడు.

"దీన్ని నమ్ముకోకండి. ఇటునుంచి ఇటే ఆస్పత్రికి వెళ్లండి. రేపు, ఎల్లుండి అనుకోకండి."

కొట్టతను ముఖం మాడ్చుకుని, పసుపు మూత సీసాను ఠపీమని బల్ల మీద పెట్టాడు.

అతను అది కొని, బస్టాపు బెంచీ మీద కూర్చుని, జేబులోంచి పాత సీసా తీశాడు. కొత్త మాత్రలన్నీ అందులోకి ఒంపాడు. గోధుమరంగు పోయి తెల్లగా ఉన్నాయి. పసుపు మూత సీసాను చెత్తబుట్టలో పడేశాడు. ఒక్క మాత్ర కూడా కింద పడలేదు.

ఇంటికి వచ్చేసరికి పక్కింటావిడ గుమ్మంలోనే ఎదురైంది.

"మాత్రలు, మాత్రలు అని ఒకటే అడుగుతున్నారన్నయ్యగారూ" అని వెళ్లిపోయింది.

ఆమె సీసా అందుకుంది. ఆకుపచ్చ మూత తిప్పింది. తెల్ల మాత్ర అరచేతిలో పడగానే ఆగిపోయింది. దాన్ని వేలితో దొర్లించి చూసింది. తర్వాత అతన్ని చూసింది, ఎవరో అడ్రసు అడగడానికి వచ్చినవాణ్ని చూసినట్టు.

"ఇది ఎవరిది?"

"నాదే."

"రంగు ఇది కాదు."

"రంగు మార్చారట. మందు అదే."

అతను నిలబడే ఉన్నాడు. వాదించలేదు, బతిమాలలేదు. చెయ్యి మాత్రం చాపి ఉంచాడు.

చాలాసేపటికి ఆమె అడిగింది.

"రాత్రి ఎన్నిసార్లు లేచారు?"

"మూడుసార్లు."

ఆమె తల పంకించింది. మాత్ర అతని చేతిలో పెట్టి, గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. "వేసుకోండి" అంది.

అతని పేరూ, కన్న కూతురి ముఖమూ చెరిగిపోయిన ఆమె మనసులో 'ఈ మాత్ర వేసుకునేవాడే నా మొగుడు' అన్న ఒక్క ముక్కే మిగిలింది కాబట్టి, ఆరేళ్ల కిందటే ఆపరేషన్ చేసి తీసేసిన గ్రంథి కోసం అతను ఇవాళ కూడా మందు మింగాడు.