పిల్లలకోడి ఒప్పుకోని మూడో మాట

పిల్లలూ, ఒక మాట నచ్చితే అన్ని మాటలకీ తలూపాలా?

ఒక పెరట్లో బాతులు సభ పెట్టాయి. "దాహంతో వచ్చిన పరాయి పిట్టలకు నీళ్లివ్వాలి. జబ్బుపడ్డవాళ్లకు ఉమ్మడి గింజలు పెట్టాలి. దడి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచాలి. మూడూ ఒప్పుకుంటేనే పాకలో చోటు!"

పిల్లలకోడి ఆలోచించింది. "మొదటి రెండూ సరే అక్కా. తలుపు మాత్రం పొద్దుగూకితే మూయాలి. నక్క తిరుగుతోంది."

"అయితే నువ్వు ఎవరికీ ఏమీ పెట్టొద్దనే ఆ పిసినారి పుంజు పక్షమేనన్నమాట! పో బయటికి!" అంది పెద్దబాతు.

ఆ రాత్రి వాన పట్టుకుంది. కోడి పిల్లల్ని రెక్కల కింద పొదువుకుని వానలోనే కూర్చుంది. మర్నాడు గింజల మాట పెరటి పిట్టలన్నిటి ముందూ ఓటుకొచ్చింది. బాతులకు ఒక్క ఓటు తక్కువైంది. తడిసిన కోడి వచ్చి వాటివైపే రెక్క ఎత్తింది.

పెద్దబాతు తెల్లబోయింది. "నిన్ను గెంటేశాం కదే!"

"గెంటింది మీరు, ఆకలి జబ్బువాళ్లది. తలుపు సంగతి రేపు మళ్లీ అడుగుతాను," అంది కోడి.

ఇక ఆలోచించుకోండి. నేను వెళ్లి మిగిలిన మినుములు చెరుగుతాను.