బకెట్లో పాలపుంత

“పెద్దమ్మా, ఎంత పని చేసినవ్!” ఆర్టిస్టు జయరాజ్ చర్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

నెలరోజులు నిచ్చెన మీదే కాపురం చేసి, పీఠం వెనక గోడంతా రాత్రి ఆకాశం వేశాడతను. తెల్లారితే క్రిస్మస్. ఆకాశం నడుమ చివరగా వేసిన, ఇంకా తడారని పాలపుంత లేదు. ఆ పాలన్నీ చర్చి ఊడ్చే ఇన్నమ్మ బకెట్లో ఉన్నాయి.

“నువ్వు మంచిగనే ఏసినవ్ బిడ్డా. నడిమిట్ల బూడిద పడ్డది. తడిబట్టతోని తుడిసిన.”

“బూడిదేంది? అవి చుక్కలు! కోట్ల చుక్కలు! మా భద్రాచలం అడవిల రోజూ కనపడతయి. నువ్వెన్నడు చూడలేదా?”

“యాడ చూస్త? ఈ బొగ్గు కరెంటు కార్ఖానా కాలనీకొచ్చి ముప్పై ఏండ్లాయె. మీదికి చూస్తే పొగనే. పొద్దుగాల లేస్తే గిన్నెల మీద బూడిదే, ఆరేసిన బట్టల మీద బూడిదే. తెల్లగ గీత కనపడితే తుడుసుడే నాకెరుక.”

మర్నాడు ఆరాధనలో పాస్టరు ఏసయ్య జరిగిన పొరపాటు అందరికీ వివరించాడు. నవ్వుతారనుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు.

కార్ఖానాలో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన జస్టిన్ గోడకేసి చూసి, జయరాజ్‌ను మెచ్చుకోలుగా తట్టాడు.

“ఎవరైనా గట్లనే తుడుస్తరన్నా. ఇప్పుడు నీటుగున్నది.”