తూటా పడని కొండ

“వెయ్యేండ్లు గదతో బాదినా కొండ పగల్లేదా? వాడు రాక్షసుడా, శిక్షణ లేనోడా?”

ఎర్రగుంట్ల గనుల్లో ముప్పయ్యేండ్లు రాళ్లు పేల్చిన ఓబుళేశు, కూతురు రాస్తున్న ఫాంటసీ నవల చదివి పగలబడి నవ్వాడు.

“నవ్వొద్దు నాయనా. సాయంత్రానికి ఆఖరి భాగం పంపాల. దేవుళ్లుండే వజ్రగిరిని వాడెట్ల పగలగొట్టాల?” అంది తనూజ.

“ఈడ నాలుగు బొక్కలు, ఆడ రెండు. తూటా మందు కూరి పేలిస్తే మధ్యాన్నానికి కంకరే.”

“దేవుళ్లు?”

“పునరావాస కాలనీకి పోతారు. పట్టాలు వాళ్ల మనవళ్లకొస్తాయి.”

తనూజ నవ్వుతూ అంతా రాసుకుంది. “కొండకింద జనాలో?”

“ఆ దుమ్ము మింగుతా...” ఓబుళేశుకు దగ్గొచ్చింది. శానాసేపు దగ్గి, కాగితం లాక్కున్నాడు.

“ఇదంతా కొట్టేయమ్మా. వానికి నా పని నేర్పొద్దు. ఇంకో వెయ్యేండ్లు గదతోనే బాదుకోనీ.”