సిస్టరమ్మ బండికి కొత్త గార్డు

“నల్లది బిగించనా, తెల్లగా అద్దంలా ఉండేది బిగించనా?” రెండు బానెట్ గార్డులను రెండు చేతుల్లో పట్టుకుని అడిగాడు నంబాహు. ఓపువో ఊళ్లో పెట్రోలు బంకు పక్కన బండి సామాన్ల కొట్టు అతనిది.

మంద కాచుకునే హెపూటె రెండింటినీ మార్చి మార్చి చూశాడు. వేలితో తట్టాడు, చెవి దగ్గర పెట్టుకుని వంచాడు.

“రంగు నాకెందుకు బావా? ఈల వేయనిది ఏదో అది బిగించు.”

“పిల్లను చూసుకోవడానికొచ్చిన పెళ్లికొడుకు కూడా ఇన్ని వంకలు పెట్టడు. గార్డు ఈల వేయడమేంటయ్యా?”

“నీ చెవులు ఎక్కడ తాకట్టు పెట్టావు? సిస్టరమ్మ బండి వస్తుంటే వినలేదూ?”

విననివాళ్లెవరు? మిషన్ ఆసుపత్రి పికప్ అది. ఎగిరొచ్చే రాళ్లూ పురుగులూ బానెట్‌కి తగలకుండా ముందు అంచున ప్లాస్టిక్ గార్డు ఉంటుందే, దానికి ఎప్పుడో రాయి తగిలి నిలువునా బీట పడింది. బండి వేగం అందుకుంటే చాలు, ఆ బీటలో గాలి దూరి కీచుమని ఈల. ఆ ఈలను భరిస్తూ కంకర రోడ్ల మీద ఇంటింటికీ మందులు మోసే నర్సు పేరు ఓటీలియా. అందరికీ సిస్టరమ్మే.

“ఈ గోలకి నా తల పగిలిపోతోందయ్యా” అని ఒకసారి ఆమె నుదురు నొక్కుకుంటూ అన్న మాట హెపూటె మనసులో నాటుకుపోయింది. ఆమె ఋణం ఎలా తీర్చుకోవాలా అని అప్పటికే కొట్టుకుపోతున్నాడు.

అది మామూలు ఋణం కాదు. పోయిన వానాకాలం అతను మందను తోలుకుని దూరపు మేతకి పోయాడు. ఆ వైపు ఊళ్లలో మగవాళ్లు ఏడాదిలో సగం మంద వెంటే ఉంటారు, ఇళ్ల దగ్గర ఉండేది ఆడవాళ్లూ పిల్లలూ. అలాంటప్పుడు చంటిది చిపేకి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. ఇల్లేమో గుట్ట వెనక, రోడ్డుకి కనబడదు. ఫోను పలకదు. వాగులు పొంగితే సిస్టరమ్మ ఏ రోజు వస్తుందో ఆమెకే తెలియదు. అయినా భార్య వెజూవా పిల్లను ఎత్తుకుని రోడ్డెక్కేసరికి, దేవుడు పంపినట్టు సిస్టరమ్మ బండి ఎదురొచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నారు. చాలా రోజులకు ఇల్లు చేరిన హెపూటె, మట్టిలో ఆడుకుంటున్న కూతుర్ని చూసుకుని అక్కడే కూలబడి ఏడ్చాడు.

అందుకే ఇవాళ గార్డు ఖరీదు కింద మందలోకెల్లా మంచి మేకను తోలుకొచ్చాడు. అది కొట్టు గుంజకి కట్టేసి ఉంది, గార్డు వచ్చిన అట్టపెట్టెను తీరిగ్గా నమిలేస్తోంది.

“నీ మేక నా సరుకంతా మేసేలా ఉందే.”

“ఇప్పుడది నీ మేక బావా. నువ్వే చెప్పుకో.”

ఇంతలో సిస్టరమ్మ బండి తెచ్చింది. సంగతి విని నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఎందుకు హెపూటే ఇదంతా? నా పని నేను చేశాను, అంతేగా.”

“మా పని కూడా మమ్మల్ని చేసుకోనివ్వండి సిస్టరమ్మా. కాదనకండి, మీకు దణ్ణం పెడతా.”

ఆమె కాదనలేదు. నంబాహు పాతది ఊడదీశాడు. బానెట్ అంచుని స్పిరిటుతో తుడిచి, రబ్బరు బిళ్లలు అంటించి, తెల్లగా ఉన్న కొత్తదాన్ని క్లిప్పులతో బిగించాడు. రంగుకి రాసుకోకుండా వేలెడు సందు వదిలాడు. ముగ్గురూ బండెక్కి ఊరి చివరిదాకా వేగంగా పోయి వచ్చారు. చిన్న శబ్దం కూడా లేదు.

“నా చెవులకి ఇన్నాళ్లకి సెలవిచ్చావయ్యా” అంది సిస్టరమ్మ. ఆమె కళ్లు చెమర్చాయి. హెపూటెకి గుండెల మీంచి బరువు దిగింది.

పాత గార్డును అతను చెత్తలోకి విసరబోతుంటే ఆమే ఆపింది. “వెనకాల పడెయ్. మిషన్ వాళ్లకి చూపించాలి.”

తిరుగుదారిలో అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. దారి పొడవునా సన్నగా కూనిరాగం తీస్తూనే ఉంది. పెద్ద తుమ్మచెట్టు దగ్గర ఎప్పుడూ పిల్లల్ని చంకనేసుకుని నిలబడే తల్లులు ఇవాళ లేరు. బండి ఆపి కాసేపు చూశారు.

“దుమ్ము చూసి వస్తుంటారు. రాత్రి వానకి ఇవాళ దుమ్ము లేదుగా, తెలిసుండదు” అంది సిస్టరమ్మ.

“అందరూ చల్లగా ఉన్నారేమో.”

“అంతకంటే ఏం కావాలి.”

తర్వాతి మలుపులోనూ ఎవరూ లేరు. ఈ పూట పుల్లటి పాలు తాగితేగానీ కదలనివ్వనని హెపూటె పట్టుబట్టి, బండిని గుట్ట చుట్టూ తిప్పించి ఇంటి ముందుకే తెచ్చాడు.

పాలు చిలుకుతున్న వెజూవా ఉలిక్కిపడి లేచింది.

“ఎప్పుడొచ్చారు? పొద్దుటి నుంచీ మీకోసమే కాచుకునున్నాను సిస్టరమ్మా. పిల్లకి ఒళ్లు వెచ్చబడింది.”

సిస్టరమ్మ పిల్లను అందుకుని నుదురూ పొట్టా తాకి చూసింది. “భయం లేదు. మామూలు జలుబే.”

హెపూటె భార్య చెయ్యి పట్టుకుని బండి ముందుకి లాక్కెళ్లాడు.

“చూశావా? మన మేకే ఇలా అయింది. ఇక సిస్టరమ్మకి ఆ ఈల పీడ లేదు.”

వెజూవా కొత్త గార్డు వంక చూసింది. బండి వెనక్కి నడిచి, పగిలిన పాతదాన్ని బయటికి తీసింది. దాని మట్టిని అరచేత్తో తుడిచి పిల్లను పొదువుకున్నట్టు రొమ్ముకి ఆనించుకుంది.

“ఏంటే? దాన్నెందుకలా పట్టుకున్నావ్?”

“ఆ రోజు నేను రోడ్డు మీదికి పరుగెత్తింది దీని ఈల వినే.”