మళ్ళీ వినాలంటే తొమ్మిది నొక్కండి

ల్యాప్‌టాప్ కంప్యూటర్ తెర ఒక్కసారి మినుక్కుమని ఆరిపోయింది. ఎన్ని మీటలు నొక్కినా నలుపే. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ప్రాణం ఉంది గానీ ఉలుకూ పలుకూ లేదు.

అతను ఇళ్ళకు ప్లాన్లు గీస్తాడు. ఉద్యోగం పోయాక దొరికిన మొదటి పెద్ద పని ఇదే, ఒక అపార్టుమెంటు మొత్తానికి ప్లాన్లు. ఆఖరి అంతస్తు మెట్లు సరిచేసి సాయంత్రంలోగా పంపాలి. పంపకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని బిల్డరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. గీసినవన్నీ ఆ నల్ల తెర వెనకాలే ఉన్నాయి.

బీరువాలోంచి వారంటీ కాగితం తీశాడు. గడువు పోయిన వారమే అయిపోయింది.

"లెక్కపెట్టుకుని మరీ చచ్చింది," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ఈ కంపెనీదే కొందామని అప్పట్లో పట్టుబట్టింది భార్యే. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాడు. ఆమె ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తి చూసింది గానీ ఏమీ అనలేదు. ఈ మధ్య ఆమె ఏమీ అనడం లేదు.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"నమస్కారం. మీరు మాకు ఎంతో విలువైనవారు," అంది ఒక తియ్యటి గొంతు. కంప్యూటర్ అడుగున ఉన్న నంబరు నొక్కమంది. నొక్కాడు.

"మీ వారంటీ గడువు ముగిసింది. మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం. మళ్ళీ వినాలంటే తొమ్మిది నొక్కండి."

చావు కబురు అంత చల్లగా చెప్పడం కొందరికే చేతనవుతుంది. పక్కన దుప్పట్లు మడతపెడుతున్న తల్లి మాత్రం మురిసిపోయింది.

"ఎంత చక్కగా చెప్పిందో చూడు."

అతను తల్లి వైపు కొరకొరా చూశాడు. మనిషితో మాట్లాడాలంటే సున్నా నొక్కాలట, నొక్కాడు. కాసేపు వేచి ఉండాలట, ఉన్నాడు. ఆ గొంతు అతన్ని ఊరంతా తిప్పి మళ్ళీ మొదటికే తెచ్చింది.

ఇక లాభం లేదని కంప్యూటర్‌ని చంకలో పెట్టుకుని వీధి చివర రిపేరు షాపుకి పరిగెత్తాడు. షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"తెర మార్చాలండీ. ఈ మోడల్‌ది తెప్పించాలంటే వారం పడుతుంది."

"సాయంత్రానికి కావాలి."

"నన్ను కోసినా రాదండీ."

ఇంటికి తిరిగొస్తుంటే బిల్డరు ఫోను. "ఏం గురువుగారూ, మీ కోసమే చూస్తున్నాం ఇక్కడ."

"అయిపోవచ్చిందండీ, ఇదిగో పంపిస్తున్నా," అన్నాడు. ఈ పని కూడా పోతే ఇంక ఎవరి గుమ్మం తొక్కాలో తెలియదు. నడిరోడ్డు మీద ఏడుపొచ్చేలా ఉంది.

ఇంట్లో అడుగు పెడుతూనే మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారైనా ఎవరో ఒక మనిషి పలక్కపోతాడా అని ఆశ.

"నమస్కారం. మీరు మాకు ఎంతో విలువైనవారు."

"ఇంక నోరు ముయ్యవమ్మా," అని అరిచాడు ఫోను మీద. "నీ గొంతు వినలేక చస్తున్నా."

బఠాణీలు ఒలుస్తున్న చేతులు ఆగిపోయాయి. తల్లి చేతిలోని దుప్పటి జారి ఒళ్ళో పడింది.

"ఏం మాటలురా అవి?" అంది మెల్లగా. "ఆ పిల్లేం చేస్తుంది? వాళ్ళు రాసిచ్చింది చదివింది."

అతను నాలుక్కరుచుకున్నాడు. భార్య లేచి హాల్లోకి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళి ఏదైనా చెబుదామనుకున్నాడు. గుమ్మందాకా వెళ్ళి, వెనక్కొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. పని ఎలాగూ పోయింది, ఇప్పుడు ఇంట్లో మొహం కూడా చెల్లదు.

హాల్లో ఏదో జరుపుతున్న చప్పుడైంది. కాసేపటికి ఆమె తిరిగొచ్చింది. చేతిలో టీవీ వెనకాల నుంచి పీకిన కేబుల్ ఉంది. అతను వెర్రిమొహం వేసుకుని చూస్తుంటే, కంప్యూటర్‌ని తనే మోసుకెళ్ళి ఆ కేబుల్ ఒక కొస దానికీ, ఇంకో కొస టీవీకీ తగిలించింది.

ఆఖరి అంతస్తు మెట్లు గోడంత టీవీలో ప్రత్యక్షమయ్యాయి.

అతను ఒక్క ఉదుటున నేల మీద చతికిలబడి పని మొదలుపెట్టాడు. సీరియల్ పోయిన తల్లి సోఫాలో కూర్చుని ప్లానే చూడసాగింది.

"మరీ అంత నిటారుగా ఉంటే నాలాంటిది ఎక్కలేదురా," అంది మధ్యలో. నిజమే. మెట్లు కాస్త వాలుగా గీశాడు.

పొద్దు వాలకముందే పంపించేశాడు. "అందాయి. బాగున్నాయి," అని బిల్డరు నుంచి జవాబు వచ్చింది. అతను అక్కడే గోడకు చేరగిలబడ్డాడు.

భార్య వచ్చి పక్కన కూర్చుంది. అతనికి క్షమించమని అడగాలని ఉంది. ఫోను తీసి మళ్ళీ అదే నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఇద్దరి మధ్యా ఉంచాడు. తల్లి లేచి ఫ్యాను ఆపింది.

"మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం," అంది ఆ గొంతు చివర్లో. "మళ్ళీ వినాలంటే తొమ్మిది నొక్కండి."

అతను తొమ్మిది నొక్కాడు.

పోయినేడు ఆపరేషన్‌లో గొంతు తీసేయకముందు, ఆ కంపెనీకి ఆ మాటలన్నీ చదివిచ్చింది అతని భార్యే.