మూడు చప్పట్ల తాళం

రెండో అంతస్తు ప్రణయ్ పట్టపగలు గోడకు మేకులు దిగ్గొడుతున్నాడని లింగవ్వ అన్నదట. "మేకులైతే ఒక్కనాడు కొడతరు, దినాం కొడతరా? ఆ పిల్లగాడు ఏదో చేస్తుండు" అని కూడా అన్నదట.

లింగవ్వ ఊరి నుంచి సూరత్ వచ్చి నెల కాలేదు. బమ్రోలిలో కొడుకింట్లో, సరిగ్గా ప్రణయ్ ఇంటి కింద ఉంటోంది. ఆమె మాటను పైకి మోసుకొచ్చింది కోడలు సింధూజ.

"అన్నా, బురా మత్ మాన్‌నా, ఏమనుకోకు. మా అత్త మధ్యాహ్నం కన్ను మూస్తలేదు. పైనుంచి దన్, దన్, దన్. మూడు దెబ్బలు. జరసేపు ఆగుతది. మల్ల మూడు."

"నా గిటార్‌కు సప్పుడే లేదు సింధూ. కావాల్నంటే చూడు."

చూపించాడు కూడా. టిఫిన్ డబ్బా అంత పెట్టె. దాన్ని యాంప్ మోడలర్ అంటారు. గిటార్ వైరు అందులో గుచ్చితే, పెద్ద స్పీకరు చేసే గర్జన అంతా ఆ పెట్టెలోనే తయారవుతుంది. అటు రికార్డయిపోతుంది, ఇటు హెడ్‌ఫోన్‌లో ఉరుముతుంది. గదిలో మాత్రం దువ్వెన పళ్ళు మీటినంత చప్పుడు.

సింధూజ హెడ్‌ఫోన్ పెట్టుకొని అదిరిపడింది. తీసేసింది. "బాప్ రే! ఇది పెట్టుకుంటే బయట బాంబు పడ్డా తెల్వదు. మరి గా మూడు దెబ్బలేంది?"

ప్రణయ్ ఆలోచించాడు. తను వాయిస్తున్నవి నవరాత్రి ఆటకు గర్బా పాటలు. మూడు చప్పట్ల గర్బా.

"నా కాలే అయ్యుంటది. తెల్వకుంటనే నేల తంతున్న. రేపటి సంది సప్పుడు రాదని చెప్పు."

రాకూడదు. సచిన్ పారిశ్రామికవాడలో మిల్లు పని వదిలి ఐదు నెలలైంది. తల్లి భాగీరథికి పక్షవాతం వచ్చి కుడిపక్క, మాట పడిపోయాక ఇంటిపట్టునే ఉండాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ కార్ఖానలో దారం బాబిన్లు చుట్టిన మనిషి ఇప్పుడు లోపలి గదిలో ఇనుప మంచానికి అంటుకుపోయింది. అమ్రోలిలో ఆర్కెస్ట్రా నడిపే గోపాల్ ఒక్క మాటే చెప్పాడు. "శనివారం లోపల తొమ్మిది పాటలు పంపు. నచ్చితే నవరాత్రి తొమ్మిది దినాలు నీకే కుర్చీ."

మధ్యాహ్నం మందు వేసుకున్నాక తల్లి మూడు గంటలు పడుకుంటుందని డాక్టరు చెప్పాడు. ఆ మూడు గంటలే ప్రణయ్‌వి. ఆమె నిద్ర చెడకూడదనే పాత యాంప్ అమ్మేసి ఈ పెట్టె కొన్నాడు. లోపలి తలుపు వేసి, చెవులు మూసుకొని కూర్చునేవాడు.

గురువారం కాలి కింద బొంత పరిచాడు.

సాయంత్రం సింధూజ మెట్ల మీద తగిలింది. "ఇయ్యాల ఇంకా జోరుగ కొట్టినవంట కదా!"

ఆ వెంటనే సొసైటీ సెక్రటరీ రాజలింగం ఫోన్ చేశాడు. నలభై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడి చెవులు సగం పోయిన మనిషి. ఫోన్‌లోనూ అరుస్తాడు. "మీ సప్పుడు సంగతి ఇంకొక్కసారి నా చెవిల పడ్డదో, ఇల్లు ఖాళీ చేయాలె. మీ అమ్మ మొఖం చూసి ఊకుంటున్న."

మంచాన ఉన్న మనిషిని తీసుకొని ఎక్కడికి పోవాలి?

శుక్రవారం కాళ్లు రెండూ మడిచి పరుపు మీద కూర్చొని వాయించాడు. కాలు నేలకు తగిలే దారే లేదు. అయినా సాయంత్రం కింది నుంచి అదే మాట వచ్చింది. ఈ ఇంట్లో తను కొట్టని దెబ్బ ఎవరు కొడుతున్నారు?

లోపలికి వెళ్లాడు. తల్లి కళ్లు తెరిచే ఉంది. స్టీలు గిలాస మళ్లీ మంచం కింద పడి ఉంది. అంచు ఇంకాస్త సొట్టపోయింది. పక్కంతా తడి.

"మల్ల ఒలకబోసుకున్నవా అమ్మా?"

ఆమె రెప్ప వేయకుండా అతన్నే చూసింది. తర్వాత గోడవైపు తల తిప్పుకుంది.

పక్క మార్చాడు. బజారుకు పోయి, మూత, గొట్టం ఉన్న ప్లాస్టిక్ గిలాస కొనుక్కొచ్చి ఆమె ఎడమ చేతి దగ్గర పెట్టాడు. సొట్టగిలాస చెత్తలో వేశాడు.

"ఇగ నీళ్లు ఒలకవు. నిమ్మలంగ పండుకో."

శనివారం ఆఖరి పాట. వేళ్లు అతనివి కానట్టు పరుగెత్తాయి. మూడు గంటలు ఎలా పోయాయో తెలియలేదు. పాట పంపేసి హెడ్‌ఫోన్ తీశాడు. ఇల్లు బావిలా ఉంది.

తలుపు చప్పుడైంది. గుమ్మంలో లింగవ్వ, వెనుక రాజలింగం.

"ఇయ్యాల ఒక్క దెబ్బ లేదు కొడుకా! కండ్లనిండ పండుకున్న. నీకే చెప్పిపోదామని వచ్చిన. మెట్ల మీద ఈయన గూడ కలిసిండు."

ప్రణయ్ ముఖం వెలిగింది. "విన్నవా పెద్దబాపూ? ఇగ మా ఇంటి మీద మాట రాదు."

"ఇంతకు ఏం సప్పుడవ్వా అది?" రాజలింగం అరిచాడు. "ఎట్ల వస్తుండె?"

లింగవ్వ ఇనుప గ్రిల్లు మీద తాళంచెవితో కొట్టి చూపింది. "గిట్ల."

దన్. దన్. దన్.

రాజలింగం ప్రణయ్ భుజం మీదుగా లోపలికి చూశాడు. లోపలి తలుపు వేసే ఉంది. 

"గర్బా తాళం పెద్దబాపూ" ప్రణయ్ నవ్వుతూ అన్నాడు. "మూడు చప్పట్లది."

రాజలింగం జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"తాళం కాదురా, మగ్గాల మోతల ఒకరి గొంతు ఒకరికి ఇనరాకుంటే ఇనుము మీద మూడు దెబ్బలు కొట్టి మనిషిని పిలుస్తం, నోరు పడిపోయిన మీ అమ్మ ఇన్ని దినాలు నిన్నే పిలిచింది."